మామ్మ నోట సారీ

విజయనగరం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. 2018 తిత్లీ తుపానుకి పడిపోయిన జీడిచెట్ల మధ్య మామ్మ ఒక్కర్తీ నిలబడ్డ చోట గొంతు పట్టేసింది. ఆరో పేజీకొచ్చేసరికి ఒళ్లు మండింది. మనవరాలి ఫీజుకని దాచిన డబ్బు ఇంటి కప్పుకి అయిపోయింది. అప్పుడు ఆ మామ్మ "సారీ రా తల్లీ" అంటుందా? ఉద్దానంలో జీవితమంతా జీడిపిక్కలు ఏరిన మనిషి?

ఇంగ్లీషు మాట వాడావని కాదమ్మా నా కోపం. మనవరాలు అనుంటే ఊరుకునేవాణ్ణి. బస్సులో కాలు తొక్కినా, ఫోన్లో మాట వినపడకపోయినా సారీయే కదా ఇప్పుడు. కానీ ఆ మాట పుట్టినప్పుడు ఇంత తేలిక కాదు. పాత ఇంగ్లీషులో 'సార్' అంటే నొప్పి, పుండు. నేటి 'సోర్' అదే. దాన్నుంచి 'సారిగ్', మనసు నొచ్చిన అని. అదే అరిగి అరిగి సారీ అయింది. దుఃఖమనే అర్థమున్న 'సారో' దీనికి తోబుట్టువనుకుంటాం గానీ దాని మూలం వేరు. మనకీ ఇలాంటి మాటే ఉంది చూడు, నొచ్చుకోవడం. అదీ నొప్పిలోంచి వచ్చిందే. మామ్మ నొచ్చుకుంది. నువ్వు ఆ నొప్పి వదిలేసి అరిగిపోయిన మాట తెచ్చి ఆవిడ నోట్లో పెట్టావు.

ఇంగ్లీషువాళ్లు చావు పలకరింపులోనూ సారీ అంటారు. అక్కడ తప్పు ఒప్పుకోవడం కాదు, మీ బాధ నాకూ బాధే అని. కుర్రతనంలో పొట్టకూటికి అనువాదాలు చేసేవాణ్ణి. ఒక కథలో డాక్టరు బయటికొచ్చి రోగి భార్యతో ఆ మాటే అంటాడు. నేను "క్షమించండి" అని రాసేశాను. అచ్చయ్యాక మా మేనమామ చదివి "అయితే డాక్టరే సంపేసినాడేటి?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

నా మొదటి కథలో అమ్మ "ఏటనుకోకురా" అంటుంది. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని "నన్ను క్షమించు నాయనా" అని దిద్ది వేశాడు. మన మాట పాఠకులకి అర్థం కాదట! వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది మన శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలోనే. ఆ గడ్డ మీంచి వెళ్లిన కథకి ఆ గతి పట్టించాడు. నలభయ్యేళ్లయినా ఆ మంట చల్లారలేదు.

ఆ మాట నేను ఊహించి రాసింది కాదు. రూపాయి పోయిందని అమ్మ నన్ను చీపురుకట్టతో కొట్టింది. సాయంత్రం అది బియ్యం చాటలో దొరికింది. అమ్మ ఏమీ అనలేదు. పొయ్యి దగ్గర కూర్చుని తేగ చీల్చింది. లోపలి లేత మొవ్వు, అదే చందమామ, ఎప్పుడూ చెల్లికే ఇచ్చేది. ఆ రోజు తీసి నా చేతిలో పెట్టింది. మొహం పొయ్యి వైపే ఉంది. "ఏటనుకోకురా" అంది.

పోటీకి పంపాలా, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ఆరో పేజీ సంగతి చూడు. డబ్బు లేదని చెప్పాక మామ్మ చేతులు ఏం చేస్తుంటాయి? మీ సొంత మామ్మ ఊళ్లోనే ఉందని రాశావు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆవిడ పక్కన నాలుగు రోజులు కూర్చో. వచ్చాక ఆ పేజీ ఒక్కటీ మళ్లీ రాసి పంపు.