యాంటెన్నాలో సగం విమానం ఒళ్లే

ప్రశ్న: యుద్ధవిమానాల వీపు మీద, పొట్ట కింద చేప రెక్కల్లాంటి పలకలు ఉంటాయి. అవి రేడియో యాంటెన్నాలని చదివాను. 30 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగమే 2.5 మీటర్లు కదా, అంత చిన్న పలక ఎలా సరిపోతుంది? పైనా కిందా రెండెందుకు?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: మీ లెక్క కరెక్టే, ఇలాంటి యాంటెన్నా ఎత్తు తరంగం పొడవులో పావువంతు ఉంటేనే బాగా పనిచేస్తుంది. నా ఉద్యోగమంతా విమాన రేడియోల మరమ్మతులోనే గడిచింది, అందుకే మీ ఉత్తరం చూసి చాలా సంతోషపడ్డాను.

ముందు ఆ పలక మీద ఎంత భారం ఉందో చూడండి. నేల మీది సైన్యంతో మాట్లాడటానికి 30 నుంచి 88 మెగాహెర్ట్జ్, పౌర కంట్రోల్ టవర్లతో 118 నుంచి 137, తోటి సైనిక విమానాలతో 225 నుంచి 400. ఆపద వేళ వాడే 121.5, 243 కూడా వీటిలోనే ఉన్నాయి. పావు తరంగం 400 దగ్గర 19 సెంటీమీటర్లు, 225 దగ్గర 33. అక్కడ పేచీ లేదు. సన్నని కడ్డీ పెడితే ఒక్క ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కలే బాగా పనిచేస్తుంది. దాన్ని వెడల్పు చేస్తే బ్యాండ్, అంటే అది బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీల పరిధి, కూడా పెరుగుతుంది. వెనక్కి వాల్చేది గాలి నిరోధం తగ్గడానికి. హ్యావ్ క్విక్ లాంటి పద్ధతుల్లో, శత్రువు జామ్ చేయకుండా రేడియో సెకనుకు ఎన్నోసార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తుంది. మోటారుతో ట్యూన్ అయ్యే యాంటెన్నా ఆ వేగాన్ని అందుకోలేదు.

అసలు కష్టం 30 దగ్గర. పొట్టి యాంటెన్నాకి వెడల్పు బ్యాండూ మంచి సామర్థ్యమూ ఒకేసారి దక్కవు. ఈ హద్దును వీలర్, చూ అనే ఇద్దరు ఇంజనీర్లు 1940ల్లోనే లెక్కగట్టారు. కొందరు డిజైనర్లు లోపల రెసిస్టర్లు పెట్టి, కొంత పవర్ వేడిగా పోయినా సరే అనుకుంటారు. కొందరు డయోడ్ స్విచ్‌లతో కాయిల్స్ మార్చి క్షణంలో ట్యూన్ చేస్తారు. నన్నడిగితే రెండోదే మేలు. నేల మీద పోరాడే సైనికుడితో మాట్లాడే బ్యాండ్ అది, అక్కడ పవర్ వృథా చేయడానికి నాకు మనసొప్పదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. మీకు కనిపించే పలక సగం యాంటెన్నాయే. మిగతా సగం దాని కింద ఉన్న విమానం లోహపు ఒళ్లు. కరెంటు అందులో కూడా పారాలి. కాంటాక్ట్ ఉండాల్సిన చోట పెయింట్ గీకకుండా బిగించినా, పలక కింద వేసే గాస్కెట్‌ పొరలోకి నీరు చేరి తుప్పు పట్టినా ఆ దారి మూసుకుపోతుంది. ‘రేడియో వీక్‌గా ఉంది’ అని పైలట్ రాయగానే చాలామంది సెట్టే మార్చేస్తారు. నేను ముందు స్క్రూలు, సీలెంట్ చూసేవాణ్ణి. ఆ తర్వాత పలకకూ ఒంటికీ మధ్య రెసిస్టెన్స్ కొలిచే బాండింగ్ మీటర్, చివరికి ఎంత పవర్ వెనక్కి వస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ కొలత. ఆ రీడింగ్ 3 వచ్చిందంటే పంపిన పవర్‌లో పావువంతు వెనక్కి తిరిగొస్తున్నట్టే. కార్బన్ ఫైబర్ ఒళ్లయితే పలక కింద లోహపు జాలీ పొదగాలి.

రెండు పలకలకు కారణం కూడా ఆ ఒళ్లే, అది సిగ్నల్‌కి అడ్డొస్తుంది. పై పలకకు కింద ఉన్నవాళ్లు సరిగ్గా అందరు, కింది పలకకు పైన ఎగిరేవాళ్లు అందరు. రెండింటికీ ఒకేసారి సిగ్నల్ ఇస్తే కొన్ని దిక్కుల్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అందుకే చాలా విమానాల్లో స్విచ్‌తో ఒకదాన్ని ఎంచుకుంటారు.

మీ ల్యాబ్‌లో నెట్‌వర్క్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ వెనక్కి వస్తుందో గ్రాఫ్ గీసే పరికరం) ఉంటే పెద్ద రాగి రేకు మీద, దానికి తగలకుండా, ఒక కడ్డీ నిలబెట్టి గ్రాఫ్ తీయండి. తర్వాత కడ్డీ బదులు అంతే ఎత్తున్న వెడల్పు రేకు పెట్టండి. ఆపైన అడుగు రేకును కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ ప్రతిసారీ గ్రాఫ్ దాచుకోండి. తేడాలు నాకు రాసి పంపితే తర్వాతి సంచికలో వాటి గురించి మాట్లాడుకుందాం.