పాపభయం వేరు, జబ్బు వేరు

ప్రశ్న: నా వయసు 28 ఏళ్లు. మూడు నెలల్లో పెళ్లి. ఎన్నో ఏళ్లుగా వారానికి మూడు నాలుగుసార్లు హస్తప్రయోగం చేసుకునే అలవాటు ఉంది. దీనివల్ల నరాల బలహీనత వచ్చిందనీ, వీర్యం పలుచబడిందనీ, సంసారానికి పనికిరాననీ భయంగా ఉంది. ఏదో లేహ్యం కొని వాడుతున్నాను. చేసుకున్న ప్రతిసారీ పాపం చేశానన్న బాధ. ఇక మానేస్తానని ఒట్టు పెట్టుకోవడం, దాన్ని తప్పడం మామూలైపోయింది. పెళ్లి వాయిదా వేసుకోమంటారా?

జవాబు: వాయిదా వేసుకోవలసిన అవసరం నాకేమీ కనిపించడం లేదు. మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలగాపులగమై ఉన్నాయి. శరీరానికి హాని జరిగిందా అన్నది ఒకటి, తప్పు చేశానా అన్నది మరొకటి. మొదటిదానికి వైద్యశాస్త్రం సూటిగా జవాబు చెప్పగలదు; రెండోదాన్ని తేల్చడం దాని పని కాదు. మనసులోని అపరాధభావాన్నే ఒంట్లోని జబ్బుకు సాక్ష్యంగా తీసుకోవడం వల్ల మీ దిగులు ఇంతగా పెరిగింది.

వీర్యం రక్తం నుంచో ఎముకల మూలుగ నుంచో చుక్కచుక్కగా ఊరే నిల్వ కాదు. అందులో సుమారు మూడింట రెండు వంతులు శుక్రకోశాల స్రావం, మిగిలినదానిలో చాలావరకు ప్రోస్టేట్ గ్రంథి స్రావం. శుక్రకణాల వాటా చాలా స్వల్పం. ఒక శుక్రకణం తయారు కావడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది గానీ, వృషణాల్లో రోజూ కోట్లాది కణాలు పక్వానికి వస్తూనే ఉంటాయి కాబట్టి, ఇన్నేళ్లలో ‘ఖర్చయిపోయింది’ అనదగినది ఏదీ లేదు. వెంటవెంటనే స్ఖలనమైతే వీర్యం కాస్త పలుచగా ఉండడం సహజమే, కొద్ది రోజుల్లో అదే సర్దుకుంటుంది. వీర్యపరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు ఆగి రమ్మని చెప్పడం కూడా ఇందుకే.

మరి ఈ భయం ఎక్కడిది? వైద్యులూ దీన్ని పెంచి పోషించినవారే. ఒక ఔన్సు వీర్యం పోతే నలభై ఔన్సుల రక్తం పోయినదానికంటే ఎక్కువ నీరసం వస్తుందని 18వ శతాబ్దపు స్విట్జర్లాండ్ వైద్యుడు తిస్సో రాశాడు. జబ్బుపడి వచ్చినవారి కథలే ఆయనకు ఆధారం. ఇదే అలవాటు ఉండీ హాయిగా తిరుగుతున్నవారు వైద్యుడి దగ్గరికి ఎందుకు వెళ్తారు? అమెరికాలో మనుషుల లైంగిక ప్రవర్తనను పరిశోధించిన కిన్సే బృందం 1948లో ప్రకటించిన పరిశీలనలో పురుషుల్లో నూటికి 92 మంది ఎప్పుడో ఒకప్పుడు హస్తప్రయోగం చేసుకున్నవారేనని తేలింది. 1953లో స్త్రీల గురించి ప్రకటించినప్పుడు ఆ అంకె 62. దీనివల్ల నరాలు చచ్చుబడడం, చూపు తగ్గడం, సంతానం కలగకపోవడం జరగవని ఈనాటి వైద్యం చెబుతున్నది.

అయితే అలవాటులో గమనించుకోవలసినవి లేకపోలేదు. మరీ బిగించి పట్టి, హడావిడిగా ముగించడం అలవాటైనవారికి కలయికలో స్ఖలనం ఆలస్యం కావడమో, అందని సుఖం కోసం తడబడడమో జరగవచ్చు. ఈ మూడు నెలల్లో ఆ పద్ధతి మార్చుకుంటే మేలు. అశ్లీల దృశ్యాలు లేనిదే స్పందన కలగని స్థితి ఉంటే దానికీ ఇదే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన అనే రుగ్మత ఉంది గానీ, దాన్ని నిర్ధారించాలంటే పనీ, చదువూ, సంబంధాలూ దెబ్బతింటున్నా ఆపుకోలేని స్థితి నెలల తరబడి సాగి ఉండాలి. కేవలం నైతికంగా తప్పనిపించడం వల్ల కలిగే బాధ ఒక్కటే ఆ నిర్ధారణకు చాలదని కూడా అందులో స్పష్టంగా ఉంది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ బాధ ఈ రెండో కోవకే చెందుతుంది.

ఇక పాపం సంగతి. కేథలిక్ సంఘం దీన్ని తీవ్రమైన తప్పుగా బోధిస్తూనే, అలవాటు బలమూ మానసిక ఆందోళనా వ్యక్తి బాధ్యతను తగ్గించవచ్చని ఒప్పుకుంటుంది. ఇస్లామీయ ధర్మవేత్తల్లో ఎక్కువమంది నిషేధమంటారు, వ్యభిచారంలో పడే ప్రమాదం ఉన్నప్పుడు సడలింపు ఇచ్చినవారూ ఉన్నారు. మనుస్మృతి బుద్ధిపూర్వక వీర్యపాతాన్ని తప్పుపట్టింది బ్రహ్మచర్య వ్రతంలో ఉన్న విద్యార్థి విషయంలో. అతనికే నిద్రలో స్ఖలనమైతే స్నానం చేసి, సూర్యుణ్ణి అర్చించి, ఒక ఋక్కు మూడుసార్లు జపించమన్నది, అంతే. ఇంత కఠినమైన సంప్రదాయాలు సైతం మనిషి బలహీనతకు చోటిచ్చాయి, మీరు మాత్రం మీకు ఇవ్వడం లేదు. మీ విశ్వాసం ప్రకారం మానుకోవాలనుకుంటే అది గౌరవించదగిన నిర్ణయమే, కాని ఆరోగ్యం చెడుతుందన్న అబద్ధాన్ని దానికి ఊతంగా పెట్టుకోకండి. ఒట్లు కూడా మానండి. ఒట్టు తప్పినప్పుడల్లా దిగులు, ఆ దిగులు తీరడానికి మళ్లీ అదే పని, ఇలా ఆ ఒట్టే అలవాటును బిగిస్తుంది.

ఆ లేహ్యాన్ని మాత్రం వెంటనే ఆపేయండి. ఇటువంటి కొన్ని మందుల్లో సీసం, పాదరసం వంటివి బయటపడ్డాయి. కొన్నింటిలో చెప్పకుండా సిల్డెనాఫిల్ అనే అంగస్తంభన మందు కలుపుతారు, గుండెజబ్బుకు నైట్రేట్లు వాడేవారికి అది ప్రాణాంతకం కావచ్చు.

తెల్లవారుజామున అంగస్తంభన మామూలుగానే ఉంటోందా? ఉంటే రక్తనాళాలూ నరాలూ సరిగా పనిచేస్తున్నాయనడానికి అది మంచి గుర్తు. లేకపోతే చక్కెర వ్యాధి, రక్తపోటు, పొగతాగడం వంటి కారణాలను వైద్యుడు పరిశీలించాలి. వృషణంలో గడ్డ, వీర్యంలో రక్తం, మూత్రనాళం నుంచి చీము, అంగం కొత్తగా వంకర తిరిగి నొప్పి పెట్టడం, వీటిలో ఏది కనిపించినా యూరాలజిస్టును కలవండి. ఏవీ లేకపోతే మీకు మందులతో పని లేదు. మొదటి రాత్రే నిరూపించుకోవాలన్న ఆత్రం వల్ల స్తంభన తగ్గడం ఆరోగ్యవంతులకూ జరుగుతుంది. అలా జరిగితే అలవాటు వల్లనే జరిగిందని నిందించుకోకుండా, కాబోయే భార్యతో నాలుగు మాటలు మాట్లాడి, ఆమె సమ్మతితో మరో రోజుకు వదిలేయండి.