స్పీకర్ తీగలు, కనెక్టర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆంప్లిఫయర్ నుంచి ఒక్కో స్పీకరుకు 10 మీటర్ల తీగ లాగవలసి ఉంది. స్పీకర్ల వెనుక 4 ఓమ్‌లు అని రాసి ఉంది. ఎంత మందం తీగ తీసుకోవాలి? ‘ఆక్సిజన్ లేని రాగి’ అని అమ్మే ఖరీదైన తీగలతో ధ్వని నిజంగా మెరుగవుతుందా?

జవాబు: స్పీకరు తీగను ఎంచుకునేటప్పుడు ముందుగా చూడవలసినవి మూడు: పొడవు, రాగి మందం, స్పీకరు ఓమ్‌ల విలువ. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.017 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. విద్యుత్తు స్పీకరు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి కనుక 10 మీటర్ల జంట తీగ అంటే లెక్కకు 20 మీటర్ల రాగి; దాని నిరోధం 0.34 ఓమ్‌లకు చేరుతుంది. తీగ నిరోధం స్పీకరు విలువలో 5 శాతాన్ని మించకూడదన్నది చాలామంది పాటించే నియమం. మీ 4 ఓమ్‌ల స్పీకర్లకు ఆ హద్దు 0.2 ఓమ్‌లు కనుక 1 చదరపు మిల్లీమీటరు తీగ చాలదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నిరోధం 0.14 ఓమ్‌లకు దిగుతుంది. మీరు తీసుకోవలసింది అదే. స్పీకర్లు 8 ఓమ్‌లవైతే ఇదే దూరానికి 1.5 సరిపోయేది. కొన్ని తీగల మీద చదరపు మిల్లీమీటర్లకు బదులు గేజి సంఖ్య ఉంటుంది. ఆ పద్ధతిలో సంఖ్య పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది: 16 గేజి సుమారు 1.3 చదరపు మిల్లీమీటర్లు, 14 గేజి 2.1, 12 గేజి 3.3.

సన్నని తీగ వల్ల శబ్దం కొంచెం తగ్గడం ఒక్కటే నష్టమైతే వాల్యూమ్ పెంచుకుంటే సరిపోయేది. కానీ స్పీకరు మీద రాసిన విలువ నామమాత్రమే. నిజానికి అది ధ్వని పౌనఃపున్యాన్ని బట్టి మారుతూ ఉంటుంది, కొన్నిచోట్ల రాసినదానికంటే తగ్గుతుంది, కొన్నిచోట్ల దానికి కొన్ని రెట్లు పెరుగుతుంది. తీగ నిరోధం ఎక్కువైనప్పుడు, స్పీకరు విలువ తగ్గిన చోట ధ్వని ఎక్కువగా, పెరిగిన చోట తక్కువగా కోతపడి, పాట స్వభావమే కొద్దిగా మారిపోతుంది. మందం మీద శ్రద్ధ పెట్టమని నేను చెప్పేది అందుకే.

ఇక ‘ఆక్సిజన్ లేని రాగి’ సంగతి. విద్యుత్ తీగలకు వాడే మామూలు రాగికీ దానికీ వాహకతలో తేడా ఒకటి రెండు శాతానికి మించదు. తీగ రవ్వంత మందంగా ఉంటే ఆ తేడా తీరిపోతుంది. నిజంగా జాగ్రత్త పడవలసింది రాగి పూత పూసిన అల్యూమినియం తీగ విషయంలో. పైకి అచ్చం రాగిలాగే కనిపించినా, అదే మందం గల రాగి తీగతో పోలిస్తే దాని నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే మరీ తేలికగా అనిపించినా, ఒక పోగును చాకుతో గీకితే లోపల తెల్లగా కనిపించినా అది అల్యూమినియమే. దాన్నే వాడక తప్పకపోతే 2.5కు బదులు 4 చదరపు మిల్లీమీటర్లది తీసుకోండి.

ప్రశ్న: తీగ కొసను నేరుగా బిగించడం మంచిదా, లేక బనానా ప్లగ్గులు (రంధ్రంలో దూర్చే పిన్నులు), స్పేడ్‌లు (నట్టు కింద బిగించే, చీలిన కొస గల రేకులు) వాడాలా? బంగారు పూత అవసరమా?

జవాబు: శుభ్రంగా ఒలిచి గట్టిగా బిగించిన ఒట్టి తీగకు విద్యుత్తు పరంగా ఏ లోటూ లేదు. దానితో వచ్చే ప్రమాదమల్లా పోగులతోనే. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకినా షార్ట్ అయి ఆంప్లిఫయర్ దెబ్బతినవచ్చు. అందుచేత తొడుగును 10 నుంచి 12 మిల్లీమీటర్లే ఒలిచి, పోగులన్నీ కలిపి గట్టిగా మెలిపెట్టి, బయటకు ఏదీ పొడుచుకు రాలేదని చూసుకున్న తరువాతే ఆంప్లిఫయర్ ఆన్ చేయండి. మెలిపెట్టిన కొసకు టంకం పూసి స్క్రూ కింద బిగించడం చూడటానికి నీటుగా ఉంటుంది కానీ నేను దాన్ని సిఫార్సు చేయను. టంకం మెత్తని లోహం కనుక ఒత్తిడికి నెమ్మదిగా అణిగి, కొన్ని నెలలకు బిగింపు వదులవుతుంది.

సామాను తరచుగా జరుపుతూ, తీగలు తీసి పెడుతూ ఉండేవారికి బనానా ప్లగ్గులే మేలు. వాటి వ్యాసం 4 మిల్లీమీటర్లు. బైండింగ్ పోస్టుల (పరికరం వెనుక తీగ బిగించే మరల) రంధ్రాలు ఆ కొలతకే ఉంటాయి. యూరప్ మార్కెట్ కోసం తయారైన పరికరాల్లో ఆ రంధ్రాలను చిన్న ప్లాస్టిక్ బిరడాలతో మూసి ఉంచుతారు. ఈ ప్లగ్గులు గోడలోని కరెంటు సాకెట్లలోనూ దూరగలవు కనుక ఆ ఏర్పాటు. పిల్లలు తిరిగే ఇంట్లో ప్లగ్గులున్న తీగను వదులుగా నేల మీద ఉంచవద్దని గట్టిగా చెబుతున్నాను. స్పేడ్‌లు నట్టు కింద బాగా పట్టుకుంటాయి, కానీ కంపనాలకు నట్టు వదులయ్యే వీలుంది కనుక అప్పుడప్పుడూ బిగించాలి. స్ప్రింగ్ క్లిప్పులున్న చిన్న స్పీకర్లలో మందపు తీగ దూరకపోతే పోగులు కత్తిరించకుండా, సన్నని పిన్ను కనెక్టరు తగిలించండి.

బంగారం రాగి కంటే మంచి వాహకమేమీ కాదు. అది తుప్పు పట్టదు, మసకబారదు. గాలిలో తేమ ఎక్కువగా ఉండి, ప్లగ్గులు ఏళ్ల తరబడి కదలకుండా ఉండే చోట పనికొచ్చే గుణం అదే. మిగతా చోట్ల నికెల్ పూత చాలు.

ప్రశ్న: తీగలు మార్చిన తరువాత బాస్ బాగా తగ్గింది. గాయకుడి గొంతు మధ్యలోంచి రాకుండా చెల్లాచెదురుగా వినిపిస్తోంది.

జవాబు: ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక స్పీకరు కోను (ముందుకూ వెనక్కూ కదిలి ధ్వని పుట్టించే గరాటు ఆకారపు పొర) ముందుకు వస్తున్నప్పుడు రెండోది వెనక్కి పోతుంటే మంద్రధ్వనులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. జంట తీగలో ఒకదాని మీద గీతో, అక్షరాలో, ఉబ్బెత్తు అంచో ఉంటుంది. రెండు చివరలా దాన్నే ప్లస్‌కు కలపండి. తీగ గోడలో ఉండి గుర్తు కనిపించకపోతే, ఆంప్లిఫయర్ నుంచి పూర్తిగా విడదీసి, ఆ చివర 1.5 వోల్టుల బ్యాటరీని క్షణం పాటు తాకించి పెద్ద కోనును చూడండి. రెండు స్పీకర్లలోనూ అది ఒకే వైపు కదలాలి.

ప్రశ్న: ఒక స్పీకరు దగ్గరగా, రెండోది దూరంగా ఉంది. తీగలు రెండూ సమాన పొడవు ఉండాలా? మైనస్‌కు రెండింటికీ ఒకే తీగ వాడవచ్చా?

జవాబు: సమానంగా ఉండనక్కరలేదు. కొన్ని మీటర్ల తేడాకు తీగలో పట్టే అదనపు సమయం సెకనులో కోటి వంతుకు కూడా చేరదు. గాలిలో ధ్వనికి ఒక్క మీటరు దాటడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, మీ కుర్చీని జానెడు జరిపితే వచ్చే తేడాయే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దూరపు స్పీకరుకు తగిన మందం ఎంచుకుని, దగ్గరి దానికీ అదే వాడండి.

మైనస్ తీగను మాత్రం ఉమ్మడిగా వాడవద్దు. చాలా ఆంప్లిఫయర్లలో మైనస్ టెర్మినల్ భూమికి కలిసి ఉండదు, దాని మీద కూడా సంకేతం నడుస్తూ ఉంటుంది. అటువంటి వాటిలో రెండు మైనస్‌లను కలిపితే ఆంప్లిఫయరే కాలిపోవచ్చు. అది భూమికి కలిసి ఉన్న ఆంప్లిఫయర్లలో కూడా ఉమ్మడి తీగ నిరోధం వల్ల ఒక వైపు సంకేతం కొంత రెండో వైపుకు పాకుతుంది. ప్రతి స్పీకరుకూ విడిగా ఒక జంట తీగ వేయండి.