పదిహేడేళ్ళ అమ్మాయి పరీక్షకు వెళ్తే హోటల్ గది ఎవరి పేరు మీద?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, వయసు 17. ఫ్యాషన్ డిజైన్ చదువులు చెప్పే జాతీయ సంస్థ నిఫ్ట్ రాతపరీక్ష గట్టెక్కింది. తర్వాతి దశ అయిన సిట్యుయేషన్ టెస్ట్ హైదరాబాద్ మాదాపూర్ క్యాంపస్‌లో పడింది. తన స్నేహితురాలికీ అక్కడే, ఆ అమ్మాయికీ 17 ఏళ్ళే. ఆ వారంలోనే మా రొయ్యల చెరువు పట్టుబడి. మా అమ్మగారు మంచం మీద ఉన్నారు కాబట్టి మా ఆవిడ కదలలేదు. ఆన్‌లైన్‌లో గది బుక్ చేసి హోటల్‌కి ఫోన్ చేస్తే, పెద్దవాళ్ళు లేకుండా మైనర్లకి ఇవ్వం అన్నారు. వయసు 18 అని రాసేస్తే సరిపోతుందా? లేక ఈ ఏడాదికి మానిపించి భీమవరంలో ఇంజినీరింగ్‌లో చేర్చమంటారా?

జవాబు: నమస్కారం అండి. ముందు మీ చివరి మాటకే జవాబు చెప్తాను. మానిపించకండి. తోడు వెళ్ళే మనిషి లేక దూరపు పరీక్షలు వదులుకుని, ఇంటి దగ్గర కాలేజీలో దొరికిన బ్రాంచిలో చేరిపోయే ఆడపిల్లలు మన గోదావరి జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. మార్కులు చాలక ఆగిపోతే అర్థం ఉంది. ఒక రాత్రి పడుకోవడానికి చోటు కుదరక ఆగిపోవడం అన్యాయం. పైగా మీది నరసాపురం. ఇక్కడి లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. లేసు అల్లే ఊళ్ళ నుంచి ఒక అమ్మాయి డిజైన్ చదువుకు వెళ్తానంటే దారి చూపించాలి గానీ ఆపకూడదు.

ఇక వయసు సంగతి. 18 అని మాత్రం రాయకండి. కౌంటర్ దగ్గర ఆధార్ అడుగుతారు, అందులో పుట్టిన తేదీ ఉంటుంది. అక్కడ దొరికిపోతే ముందే కట్టిన డబ్బు పోవచ్చు. అది పోతే పోయింది. రేపు పరీక్ష అనగా రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు పిల్లలు సామానుతో రోడ్డు మీద నిలబడితే ఆ టెన్షన్ ఎవరు తీరుస్తారు?

హోటల్ వాళ్ళు మీ పిల్లల్ని అనుమానించి కాదు వద్దన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళు ఒప్పందం చేసుకోవడానికి అర్హులు కారు. అలాంటి ఒప్పందం అసలు చెల్లదని 1903లోనే, అప్పట్లో మన దేశానికి పై కోర్టుగా ఉన్న లండన్ ప్రీవీ కౌన్సిల్ తీర్పు ఇచ్చింది. గది తీసుకోవడం కూడా ఒప్పందమే. గదిలో ఏదైనా పగిలినా, అర్ధరాత్రి పిల్లకి ఒంట్లో బాగోకపోయినా, పూచీ పడే పెద్ద మనిషి వాళ్ళకు కావాలి. మైనరు హోటల్‌లో పడుకోకూడదని కాదు, మైనరు పేరు మీద గది రాయరు. కాబట్టి మీరు వెతకాల్సింది ఇంకో హోటల్‌ని కాదు, ఒక పెద్ద మనిషిని.

కూకట్‌పల్లి, నిజాంపేట వైపు మీ వాళ్ళు ఒక్కరూ లేరంటే నేను నమ్మను. మన జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు ఆ చుట్టుపక్కల అంతమంది ఉన్నారు. మొహమాటం పక్కన పెట్టి అడగండి. వాళ్ళింట్లో రెండు రాత్రులు ఉంటే హోటల్ గొడవే లేదు. ఇల్లు ఇరుకైతే, వాళ్ళింటి ఆడవాళ్ళు ఎవరైనా తమ పేరు మీద గది తీసుకుని పిల్లలతో పాటు ఉండాలి. చెక్-ఇన్ చేసి వెళ్ళిపోతే చాలా హోటళ్ళు ఒప్పుకోవు, నాకూ అది నచ్చదు. ఇంకో లాభం కూడా ఉంది. రేపు సీటు వస్తే చాలా కాలేజీ హాస్టళ్ళు లోకల్ గార్డియన్ ఎవరని అడుగుతాయి. ఇప్పుడు కుదిరిన మనిషే అప్పుడూ పనికొస్తారు.

చుట్టాలు కుదరకపోతే, స్నేహితురాలి అమ్మానాన్నల్లో ఒకరు రాగలరేమో కనుక్కోండి. ఇద్దరు పిల్లలకీ కలిపి ఒక్కరు చాలు.

మీ ఆవిడ సంగతి కూడా ఒకమాట చెప్పనివ్వండి. పట్టుబడి రోజు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో) చూసేటప్పుడు, కాటా దగ్గర మీరు లేకపోతే కుదరదు, అది నాకు తెలుసు. కానీ అమ్మగారి దగ్గర రెండు రోజులు ఉండడానికి మీ అక్కో చెల్లెలో రాలేరా? వస్తే మీ ఆవిడే వెళ్ళొచ్చు. నాకు అన్నిటికన్నా ఇదే బాగుందనిపిస్తోంది. నరసాపురం నుంచి లింగంపల్లికి రాత్రి రైలు ఉంది, అక్కడి నుంచి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వెళ్ళొచ్చు. రైలు దిగి నేరుగా పరీక్షకు వెళ్ళేలా మాత్రం పెట్టుకోకండి. ఒకరోజు ముందే చేరాలి. ఇచ్చిన సామగ్రితో చేతులతో మోడల్ చేయాల్సిన పరీక్ష అది, నిద్రలేని కళ్ళతో కుదరదు.

ఇవేవీ కుదరకపోతేనే మాదాపూర్, కొండాపూర్ వైపు లేడీస్ హాస్టళ్ళ సంగతి చూడండి. రోజువారీ లెక్కన మంచం ఇచ్చేవి కొన్ని ఉన్నాయి. అక్కడ కూడా వయసు దాచకుండా చెప్పాలి. మీకు తెలిసినవాళ్ళ అమ్మాయి ఉంటున్న హాస్టల్ అయితేనే పంపండి.

హోటలే అయితే యాప్‌ని నమ్ముకోకుండా నేరుగా మేనేజర్‌తో మాట్లాడండి. పిల్లల వయసు, పరీక్ష తేదీ, వెంట ఉండే పెద్దవాళ్ళ పేరు చెప్పి, ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకోండి. రెండు కుటుంబాల తల్లిదండ్రులూ సంతకం చేసిన అనుమతి పత్రం, ఫోన్ నంబర్లు, అడ్మిట్ కార్డు కాపీ పిల్లల దగ్గర ఉండాలి. ఒరిజినల్ ఆధార్ కూడా వెంట పెట్టండి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు, అందుకే చాలా హోటళ్ళు దాన్ని తీసుకోవు. కాపీ ముందుగా పంపమంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. అత్యవసరానికి 112, రైల్లో అయితే 139, పిల్లల సాయానికి 1098, ఈ మూడు నంబర్లూ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

అబ్బాయిల తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నాను. సైన్యంలో అధికారులుగా చేరడానికి శిక్షణ ఇచ్చే ఎన్‌డీఏ ఇంటర్వ్యూకి పదహారున్నర, పదిహేడేళ్ళ పిల్లలు ఒంటరిగా వెళ్ళినా, ఆ ఇంటర్వ్యూ చేసే ఎస్ఎస్‌బీ సెంటర్‌లోనే బస, భోజనం ఉంటాయి. పరీక్ష జరిగే రోజులకు గది వెతకక్కర్లేదు.

మీరు చేసిన బుకింగ్ డబ్బు వాపసు రావాలంటే ఎప్పటిలోగా రద్దు చేయాలో ఈ రోజే చూడండి. తోడు వెళ్ళే మనిషి ఆ గడువులోగా ఖాయమైతే, ఆ పేరు మీదికి గది మార్చమని హోటల్‌నే అడగండి. ఖాయం కాకపోతే రద్దు చేసేయండి.