క్వాంటమ్‌స్కేప్ బ్యాటరీ ప్రొడక్షన్‌కి రెడీ అయినట్టేనా? షేర్లు ఇప్పుడు కొనొచ్చా?

నిజానికి దీనికి నేను జవాబు రాయకూడదు. ఎలక్ట్రిక్ బండ్లకి కొత్తరకం బ్యాటరీ చేస్తున్న ఈ అమెరికా కంపెనీ షేరుని 2020 క్రిస్మస్ ముందు వంద డాలర్ల పైన కొన్న మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి. స్పాక్ రూట్లో, అంటే ముందే లిస్టయిన ఓ ఖాళీ కంపెనీతో కలిసిపోయి, పది డాలర్ల లెక్కన మార్కెట్లోకొచ్చింది, డిసెంబర్‌లో 130 దాటేసింది, మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో పొద్దున లేస్తే ఇదే గోల. జనవరి 4న ఒక్కరోజులో 40 శాతం పడింది. ఆ రోజు గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటోలు తప్ప ఇంకేం రాలేదు.

సరే, మీ ప్రశ్నకొస్తా. శాంపిల్స్ కార్ల కంపెనీలకి వెళ్ళిపోయాయి, 2025 సెప్టెంబర్‌లో డుకాటీ మోటార్‌సైకిల్‌కి పెట్టి మ్యూనిక్‌లో చూపించారు కూడా, ఇంకేం కావాలి అంటున్నారు మీరు. నేను బే ఏరియాలో పదిహేనేళ్ళుగా సిరామిక్ పార్టులు చేసే చోట్ల ప్రాసెస్ ఇంజనీర్ని, శాంపిల్ అన్న మాట వింటేనే నాకు నవ్వొస్తుంది. ఎందుకో చెప్తా.

ఒక చిన్న కంపెనీలో ఉండేవాణ్ణి, పేరొద్దులెండి. సెన్సార్లో పెట్టే పల్చటి సిరామిక్ పలకలు చేసేవాళ్ళం. పెద్ద కస్టమర్ ఒకడు 40 శాంపిల్స్ అడిగాడు. శుక్రవారం రాత్రి ఫర్నేస్‌లోంచి రెండొందలు తీసి నేనూ ఇంకో వియత్నాం ఆవిడా లైట్ బాక్స్ మీద ఒక్కోటీ పెట్టి చూస్తూ కూర్చున్నాం. మా నాయనమ్మ సంతలో కుండ కొనేముందు వేలితో కొట్టి చూసేది, సరిగ్గా అదే పని, బాగున్నది ఖంగుమంటుంది, పగులున్నది టప్పున చచ్చిన శబ్దం చేస్తుంది. రాత్రి ఒంటిగంటకి 37 తేలాయి. మిగతా మూడూ పారేసిన ట్రేలోంచే ఏరాం, అంచున పగిలితే పర్లేదులే అన్నాడు మేనేజరు. సోమవారం స్లైడ్ మీద ఏం వేశారో తెలుసా, "కస్టమర్‌కి శాంపిల్స్ పంపాం". అబద్ధమేం కాదు! ఆ పారేసిన 160 సంగతి మాత్రం ఎవడూ అడగలేదు. తర్వాత వాడు నెలకి ఐదువేలు కావాలన్నాడు, ఆ లెవెల్‌కి రావడానికి మాకు రెండున్నరేళ్ళు పట్టింది, అప్పటికి వాడు చవక ప్లాస్టిక్ పార్టుతో సర్దుకుపోయాడు.

క్వాంటమ్‌స్కేప్ కథంతా కూడా ఆ పల్చటి సిరామిక్ పొర చుట్టూనే తిరుగుతోంది. మామూలు లిథియం బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండేది ప్లాస్టిక్ పొర, చుట్టలు చుట్టలుగా వస్తుంది. వీళ్ళది కాల్చి చేయాల్సిన సిరామిక్, కంటికి కనపడని పగులు ఒక్కటున్నా అందులోంచి లిథియం మొలిచి షార్ట్ అవుద్ది. 2022 డిసెంబర్‌లో 24 పొరల శాంపిల్ పంపారు, 2024లో బీ శాంపిల్, అంటే తర్వాతి దశ శాంపిల్ అన్నారు, 2025 జూన్‌లో కోబ్రా అని కొత్త ప్రాసెస్ తెచ్చి కాల్చే పని పాతదానికన్నా 25 రెట్లు స్పీడైందన్నారు, షేరు ఎగిరింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు తట్టింది వేరే, మరి 2024కల్లా ప్రొడక్షన్ అని 2020లో ఏ ధైర్యంతో రాశారు బాబూ? పైగా స్పీడు వేరు, యీల్డ్ (చేసినవాటిలో ఎన్ని బాగా వచ్చాయన్నది) వేరు. స్పీడుగా పగిలినా స్పీడే కదా.

మార్కెట్ టైమింగ్ అంటారా, వీళ్ళొస్తారని ఎవడు ఆగాడండీ. కంపెనీ పెట్టిన 2010లో బ్యాటరీ ప్యాక్ కిలోవాట్ అవర్‌కి వెయ్యి డాలర్ల పైన ఉండేది, 2024కి బ్లూమ్‌బెర్గ్ లెక్కలో 115కి దిగింది, చైనా వాళ్ళ ఎల్‌ఎఫ్‌పీ (ఐరన్ ఫాస్ఫేట్ రకం లిథియం బ్యాటరీ) అయితే ఇంకా చవక. స్వీడన్ బ్యాటరీ కంపెనీ నార్త్‌వోల్ట్ చేసింది మామూలు లిథియం బ్యాటరీయే, కొత్త సైన్సేం కాదు, అయినా సెల్స్ టైముకి రాక బీఎమ్‌డబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డర్ వెనక్కి తీసుకుంది, 2025 మార్చిలో స్వీడన్‌లో దివాళా.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. సొంతంగా పెద్ద ఫ్యాక్టరీ కట్టకుండా ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ బ్యాటరీ కంపెనీ పవర్‌కోకి లైసెన్స్ ఇవ్వడం, సిరామిక్ కోసం గాజు, సిరామిక్ పనిలో పాతకాపులైన కార్నింగ్, మురాటా లాంటి వాళ్ళని పట్టుకోవడం తెలివైన పని. ఇప్పటి సీఈఓ శివ శివరామ్ వెస్టర్న్ డిజిటల్ నుంచి వచ్చినాయన, చిప్పులు చేసిన చోట యీల్డ్ బాధ తెలియకుండా ఉండదు. కానీ మా గ్రూపులో జనం అది చూడరు, "తిరుచ్చి ఎన్‌ఐటీ, మనోడే, కొనెయ్యండి" అంటారు. మనోడైతే కొలిమి మాట వింటుందా?

మొన్న కాకినాడ నుంచి మా బావమరిది ఫోన్, "బావా, ఇప్పుడు బాగా తగ్గిందంట కదా, నీ అకౌంట్లో నాకో లక్ష పెట్టవా" అని. వంద కాలిస్తే ఎన్ని బాగా వస్తున్నాయో ఆ అంకె కంపెనీ వాళ్ళు స్లైడ్ మీద వేసిన రోజు ఫోన్ చెయ్యరా, అప్పుడు పెడతా అన్నా. నా 40 షేర్లు మాత్రం ఇంకా అమ్మలేదు, ఎందుకని అడక్కండి.