అయిదేళ్ల బసెంజీ కుక్క ఇంట్లో మూత్రం పోయడం: సమాధానం

మీ అయిదేళ్ల బసెంజీ నెల రోజులుగా గిన్నెల కొద్దీ నీళ్లు తాగి హాల్లోనే మూత్రం పోస్తున్నదంటే, విజయవాడ ఎండనో దాని మొండితనాన్నో కాక, ఈ జాతిలో వంశపారంపర్యంగా వచ్చే ఫాంకోని సిండ్రోమ్ అనే మూత్రపిండాల జబ్బును ముందుగా అనుమానించాలి. బసెంజీ మొండిదన్న మాట నిజమే (మాది పిలిస్తే ఒక్క క్షణం ఆలోచించుకుని గాని రాదు), కానీ పిల్లిలా ఒళ్లు నాకి శుభ్రం చేసుకునే కుక్క ఊరికే ఇల్లు పాడుచేయదు.

1. ఉదయం మొదటిసారి మూత్రం పోసేటప్పుడు పొడవు కాడ ఉన్న పాత గరిటెను కిందికి జరిపి పట్టి, మందుల షాపులో దొరికే, మూత్రంలో చక్కెరను చూపే గ్లూకోజ్ స్ట్రిప్‌ను అందులో ముంచి, డబ్బా మీది రంగులతో పోల్చి చూడండి.

2. చక్కెర కనిపిస్తే అదే రోజు రక్తంలో కూడా చక్కెర పరీక్ష చేయించండి. చాలామంది వదిలేసేది దీన్నే. రెండింటిలోనూ ఎక్కువుంటే మధుమేహం కావచ్చు. రక్తంలో మామూలుగా ఉండి మూత్రంలో మాత్రమే కనిపిస్తే, మూత్రపిండాలు చక్కెరను తిరిగి పీల్చుకోలేక వదిలేస్తున్నాయని అర్థం; ఫాంకోనిలో జరిగేది ఇదే. మూత్రాన్ని మాత్రమే చూసి ఇన్సులిన్ మొదలుపెడితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

3. నీళ్లు మాత్రం తగ్గించకండి. రెండు ఫలితాలనూ గన్నవరం పశువైద్య కళాశాలలో చూపించి, రక్తంలో బైకార్బొనేట్, పొటాషియం కూడా చూడమని అడగండి.

4. మూత్రంలో చక్కెర లేకపోతే, మూత్రనాళ ఇన్ఫెక్షన్‌ కోసం పరీక్ష చేయించండి.