నొప్పుల వేళ నీళ్లు తాగవచ్చా?

ప్రశ్న: నాకు తొమ్మిదో నెల. నొప్పులు మొదలయ్యాక మంచినీళ్లు కూడా ముట్టకూడదని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: మత్తు ఇవ్వవలసి వస్తే కడుపులోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న భయంతో ఆసుపత్రులు ఒకప్పుడు పెట్టిన నియమాన్నే మీ అత్తగారు గుర్తుంచుకున్నారు. అయితే, ఇతర సమస్యలు లేని గర్భిణులు ప్రసవ సమయంలో ద్రవాలు, ఆహారం తీసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. కాబట్టి మంచినీళ్లు, కొబ్బరినీళ్లు, గంజితేట వంటివి గుక్కెడు గుక్కెడుగా తాగుతూ, మూత్రం ఆపుకోకుండా, వీలైనంతసేపు నడుస్తూ లేదా పక్కకు తిరిగి పడుకుంటూ ఉండవచ్చు. సిజేరియన్ అవకాశం ఉన్నా, నొప్పి తెలియకుండా వెన్నులో మందు ఇచ్చినా మాత్రం వైద్యురాలు చెప్పినట్లే నడుచుకోవాలి. ఇరానీ చాయ్‌ని కాన్పయ్యేదాకా వాయిదా వేయండి! ఫ్లాస్కు, తడిగుడ్డ, పెదవులకు వెన్న ఇప్పుడే సంచిలో సర్దుకోండి.